మన మనిషి అని ఎవరనాలె?

(మంచిర్యాలలో యువకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



జై భీమ్ అనేవాళ్లకు జై భీమ్. వందనాలు అనేవాళ్లకు వందనాలు.

ఈ రెండు మాటలు ఒక్క నోటితోటి అనొచ్చునా, అనగూడదా? ఇయ్యాల మనం తేల్చుకోవాల్సిన ముచ్చట ఇదే. జై భీమ్ అంటే చర్చిలో కొందరికి నచ్చదు. వందనాలు అంటే సంఘంలో కొందరికి నచ్చదు. ఊరికి రెండూ నచ్చవు. మధ్యల నిలబడ్డ పిలగాడు ఏ మాటా అనకుండ తల వంచుకొని పోతున్నడు. ఆ పిలగాని గురించి మాట్లాడుదామనే వచ్చిన.

వాడెవడో పరాయోడు కాదు. మన కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలను 2016 అక్టోబరులో ముక్కలు చేసి జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల, మంచిర్యాల, నిర్మల్, ఆసిఫాబాద్ అని కొత్త బోర్డులు పెట్టిన్రు. బోర్డులు మారినయి గాని వాడ ఎక్కడున్నదో అక్కడనే ఉన్నది. మాలవాడకు పోండి, మాదిగవాడకు పోండి, నేతకాని ఇండ్లకు పోండి, ఆ పిలగాడు కనబడుతడు. వానికి రెండు పేర్లుంటయి. బడి రిజిస్టర్ల రాజయ్య, చర్చి రిజిస్టర్ల యోహాను. ఆఫీసుల కాడ ఒక పేరుతోటి పిలిస్తే పలుకుతడు, ఆదివారం ఇంకొక పేరుతోటి పిలిస్తే పలుకుతడు. దీన్ని కొందరు మోసం అంటరు. దేశంలో ఎవనికీ రాని ఈ రెండు పేర్ల బతుకు వీనికే ఎందుకు వచ్చింది అని మాత్రం అడగరు. అది మనం అడగాలె.

డప్పు ఆగింది కాబట్టే కోపం

ముందు ఊరి సంగతి చూద్దాం. మనోడు బాప్తిస్మం తీసుకుంటే ఊరు ఎందుకు మండిపడుతది? యేసును నమ్మిండని ఊరి పెద్దలకు నిద్ర పట్టక కాదు. మన ఊర్లల్ల దర్గాకు అందరూ పోతరు. పీర్ల పండుగకు అన్ని కులాలోళ్లు మొక్కుతరు. ఎవడు ఎవనికి మొక్కినా వెలివేత లేదు. మరి వాడోడు ప్రార్థనకు పోతేనే ఎందుకు మంట?

ఎందుకంటే వాడు మొక్కు ఒక్కటే మార్చుకోలేదు. పోచమ్మ పండుగ నాడు డప్పు కొట్టవలసినోడు కొట్ట అన్నడు. దొర చావుకు పోయి ముందల నిలబడవలసినోడు నిలబడ అన్నడు. చచ్చిన గొడ్డును ఈడ్చవలసినోడు ఈడ్వ అన్నడు. ఊరు లెక్కల ఇది మతం మారుడు కాదు, పని బందు పెట్టుడు. జీతం లేని పనోడు చెయ్యి జారిపోయిండని కోపం. ఆ కోపానికి దేవుని పేరు పెట్టుకుంటరు.

అదే డప్పు ఇయ్యాల మన సభలల్ల ముందల నడుస్తున్నది గదా అని మీరడగొచ్చు. నడవాలె. మన ఇష్టంతోటి కొట్టేది కళ. ఊరి హుకుంతోటి కొట్టేది వెట్టి. రెండింటికీ తేడా తెలిసినోడే మన మనిషి.

చరిత్ర గూడ ఇదే చెప్తది. 1880ల్లో వెస్లియన్ మిషన్ వాళ్లు సికింద్రాబాదు నుంచి కరీంనగర్, మెదక్ దిక్కు వచ్చిన్రు. అప్పుడు ఇక్కడ నిజాం రాజ్యం, దొరల పెత్తనం, వెట్టిచాకిరి. మన ముత్తాతలు పలక పట్టుకున్న మొదటి బడి చాలా చోట్ల మిషన్ బడే. మందు బిళ్ల చేతిల పెట్టి, చెయ్యి పట్టి చూసిన మొదటి ఆస్పత్రి చాలా చోట్ల మిషన్ ఆస్పత్రే. ముట్టుకోవద్దన్న శరీరాన్ని ఒక మనిషి ముట్టుకొని నాడి చూసిండు. అది చిన్న సంగతి కాదు. బియ్యం కోసం, పాలపొడి కోసం మారిన్రు అని ఎక్కిరించేటోళ్లకు ఒక్కటే జవాబు: కరువు కాలంల బియ్యం అడుగుడు తప్పు కాదు, బియ్యం దాచిపెట్టుకునుడు తప్పు. మనోళ్లు కడుపు కోసం పోయినా, గౌరవం కోసం పోయినా, నిజమైన నమ్మకంతోటి పోయినా ఆ దారి వాళ్లు నడిచిన దారి. దానికి మనం సిగ్గుపడవలసిన పని లేదు.

బొట్టు తీస్తే అత్త ఊకోదు, పెడితే పాస్టరు ఊకోడు

ఇంటి సంగతి ఇంకా కష్టం. ఊరు వెలేస్తే వాడ ఉన్నది అనుకుంటం. వాడనే మొఖం తిప్పుకుంటే?

మన ప్రార్థన కూటాలల్ల ఎక్కువమంది ఆడవాళ్లే. బీడీలు చేసేటోళ్లు, కూలికి పోయేటోళ్లు, బాయి పనికి పోయిన మొగనికి సద్ది కట్టేటోళ్లు. ఇంటిల్లిపాదిల ఒక్కామె పోతది. పిల్లకు జ్వరం తగ్గిందనో, మొగడు తాగుడు మానాలెననో, మనసుల భారం చెప్పుకునేతందుకు ఒక తావు దొరికిందనో పోతది. ఆమె బొట్టు తీస్తే అత్త ఊకోదు. బొట్టు పెట్టుకుంటే పాస్టరు ఊకోడు. పండుగ నాడు యాటకూర తినకపోతే చుట్టాలు అలుగుతరు, తింటే సంఘపు పెద్దలు అడుగుతరు. బతుకమ్మ ఆడుదామంటే ఒకరు వద్దంటరు, ఆడకపోతే ఇంకొకరు నువ్వు మా దానివి కాదంటరు. ఒక మనిషి నెత్తి మీద ఇన్ని కాపలాలా? ఆమె నమ్మకం గురించి అందరూ తీర్పు చెప్పేటోళ్లే. ఆమె ఏమనుకుంటున్నదో అడిగేటోడు ఒక్కడు లేడు.

ఇగ చావు. మన దిక్కు చావుల ఎవరు వచ్చిన్రు, ఎవరు రాలేదు అన్నది పదేండ్లు యాదికుంటది. క్రైస్తవుడు చనిపోతే పాడె మొయ్యము అన్న కులపోళ్లు ఉన్నరు. తోడబుట్టినోడు చనిపోతే డప్పు ఉన్నదని, పిట్టకు పెడుతరని ఆమడ దూరంల నిలబడ్డ విశ్వాసులు గూడ ఉన్నరు. బొందలగడ్డల ఒక మూలకు ఇంత జాగ దొరకక శవాన్ని ముందలేసుకొని కూసున్న కుటుంబాలున్నయి. బతికినన్నాళ్లు ఊరవతల ఉంచిన్రు. చచ్చినంక వాడవతల ఉంచుడు మనం నేర్చుకున్నమా? ఇది మన గుండె మీద చెయ్యేసుకొని అడుక్కోవలసిన ప్రశ్న.

మూడో పేరా

ఇగ సర్కారు. యువకులు ఇది మంచిగ వినాలె. చాలామందికి సగం సగం తెలుసు, సగం తెలిసిన చట్టం భయాన్నే పుట్టిస్తది.

రాజ్యాంగం 1950 జనవరి 26న అమలులోకి వచ్చింది. ఏడు నెలలు నిండకముందే, అదే సంవత్సరం ఆగస్టు 10న, షెడ్యూల్డు కులాల మీద రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. అందులో మూడో పేరా ఏమంటుందంటే, హిందూ మతం కాకుండ వేరే మతం పాటించేవాడు షెడ్యూల్డు కులం మనిషి కాడు. 1956లో సవరణ చేసి సిక్కులను కలిపిన్రు. 1990లో ఇంకొక సవరణ చేసి బౌద్ధులను కలిపిన్రు. క్రైస్తవ దళితుడు, ముస్లిం దళితుడు బయటనే మిగిలిపోయిన్రు. అందుకే ఆగస్టు 10ని దళిత క్రైస్తవులు చీకటి దినం అంటరు.

అదే 1950ల సెప్టెంబరు 6న షెడ్యూల్డు తెగల ఉత్తర్వు వచ్చింది. అందులో మతం మాటే లేదు. మన ఆదిలాబాద్‌ల గోండు, కోలాం ఏ దేవునికి మొక్కినా ఎస్టీనే. అది న్యాయం, అట్లనే ఉండాలె. ఇప్పుడు దాన్ని గూడ తీసెయ్యాలెనని డీలిస్టింగ్ పేరుతోటి కొందరు తిరుగుతున్నరు, అది మనం అందరం కలిసి అడ్డుకోవాలె. అయితే ఒక్క ప్రశ్న. ఒకే దేశం, ఒకే రాజ్యాంగం, ఒకే ఏడాది, నాలుగు వారాల తేడా. ఒకనికి మతం అడ్డం రాలేదు, ఇంకొకనికి ఎందుకు అడ్డం వచ్చింది?

బౌద్ధుల సంగతి మనకు పక్కింటి సంగతే. వార్ధా నది దాటితే చంద్రపూర్. బాబాసాహెబ్ 1956 అక్టోబరు 14న నాగపూర్‌ల దీక్ష తీసుకున్నడు. రెండు రోజులకు, అక్టోబరు 16న, ఆ చంద్రపూర్‌ల జనానికి దీక్ష ఇచ్చిండు. అటు చుట్టరికాలున్నోళ్లు ఆదిలాబాద్ జిల్లాల చాలామంది ఉన్నరు. ఆ దీక్ష తీసుకున్నోళ్లకు కేంద్రం ఎస్సీ హోదా ఇచ్చేటాళ్లకు 34 సంవత్సరాలు పట్టింది. అంటే మూడో పేరా రాతి మీద చెక్కింది కాదు. రెండుసార్లు తెరిచిన్రు. కొట్లాడితే మూడోసారి తెరవొచ్చు.

మన రాష్ట్రంల 1970లో బీసీ జాబితా తయారైనప్పుడు ఎస్సీల నుంచి క్రైస్తవంలకు పోయినోళ్లను సి గ్రూపుల పెట్టి 1 శాతం ఇచ్చిన్రు. ఎస్సీలకు 15 శాతం, వీళ్లకు 1. 1977లో రాష్ట్ర ప్రభుత్వం చట్టబద్ధం కాని కొన్ని రాయితీలు క్రైస్తవ దళితులకు గూడ వర్తింపజేసింది. రిజర్వుడు సీటుకు పోటీ చేసే హక్కు రాలేదు, అట్రాసిటీ చట్టం రక్షణా రాలేదు. 2025 ఏప్రిల్ 14న తెలంగాణల వర్గీకరణ అమలులోకి వచ్చింది, 59 కులాలను మూడు గ్రూపులు చేసిన్రు. మాదిగలు ముప్పయ్యేండ్లు కొట్లాడి తెచ్చుకున్న హక్కు అది. కాని ఆ కొట్లాటల జెండా మోసిన క్రైస్తవ మాదిగకు కాగితం మీద ఆ మూడు గ్రూపులల్ల ఏ గ్రూపుల చోటున్నది? ఎందులనూ లేదు.

1985: రెండు తారీకులు

ఒక ఏడాది సంగతి చెప్త. 1985 జూలై 17న కారంచేడులో మాదిగల మీద దాడి జరిగింది. ఆరుగురిని చంపిన్రు. బతికి బయటపడ్డోళ్లు చీరాలకు ఉరికి చర్చి ఆవరణల తలదాచుకున్నరు. దళిత మహాసభ పుట్టింది ఆ శిబిరం నుంచే. చంపవచ్చినోడు గొడ్డలి ఎత్తేముందు నీది ఏ మతం అని అడిగిండా? నీ సర్టిఫికెట్ చూపెట్టు అన్నడా? మాదిగ అయితే చాలు అనుకున్నడు.

అదే ఏడాది సెప్టెంబరు 30న సుప్రీంకోర్టు సూసై కేసుల తీర్పు చెప్పింది. సూసై మద్రాసుల రోడ్డు పక్కన కూసోని చెప్పులు కుట్టుకునే మనిషి. అట్లాంటి ఎస్సీలకు సర్కారు ఉచితంగ బంకులు ఇస్తుంటే, నువ్వు క్రైస్తవుడివి అని ఆయనకు ఇయ్యలేదు. కోర్టు ఏమన్నది? కులం మతం మారినంక గూడ ఉండొచ్చు గాని, ఆ అణచివేత క్రైస్తవంల గూడ అంతే తీవ్రంగ ఉన్నదని రుజువు చూపాలె అన్నది. ఆ రుజువు లేదని కేసు కొట్టేసింది. కారంచేడు నెత్తురు ఆరి పదకొండు వారాలు గూడ కాలేదు.

1991 ఆగస్టు 6న చుండూరుల ఎనిమిదిమంది మాలలను చంపిన్రు. అక్కడ గూడ బాధితులు తెనాలికి పోయి సాల్వేషన్ ఆర్మీ చర్చి ఆవరణలనే తలదాచుకున్నరు. చంపేటోనికి మన మతం అక్కర లేదు. చట్టానికి మాత్రం మన మతం కావాలె.

2024 నవంబరు 26న, రాజ్యాంగ దినోత్సవం నాడే, సుప్రీంకోర్టు ఇంకొక మాట అన్నది. పుదుచ్చేరి నుంచి వచ్చిన ఒక ఆడబిడ్డ కేసుల, క్రైస్తవ విశ్వాసం పాటిస్తూ ఎస్సీ ఉద్యోగం కోసం హిందువునని చెప్పుడు రాజ్యాంగాన్ని మోసం చేసుడే అన్నది. 2025 ఏప్రిల్ చివర ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, కులం పేరుతోటి తిట్టి కొట్టిన్రని ఒక పాస్టరు పెట్టిన కేసుల, మతం మారినోనికి అట్రాసిటీ చట్టం వర్తించదన్నది. తిట్టినోడు ఆయనను పాస్టరు అని తిట్టలేదు, కులం పేరు పెట్టి తిట్టిండన్నదే ఆయన ఫిర్యాదు. తిట్టు వర్తిస్తది, చట్టం వర్తించదు!

ఈ అన్యాయం సర్కారుకు తెలియదా? తెలుసు. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో మూడో పేరా తీసెయ్యుమన్నది. 2009 ఆగస్టులో, మనం కలిసి ఉన్న రాష్ట్రంలో, శాసనసభ ఎస్సీ హోదా ఇయ్యాలెనని తీర్మానం చేసింది. 2023 మార్చిల ఆంధ్రప్రదేశ్ శాసనసభ మళ్లీ చేసింది. 2022 అక్టోబరులో కేంద్రం జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేసి రెండేండ్ల గడువు పెట్టింది, ఆ తర్వాత ఆ గడువు పొడిగించింది. కమిషన్ మీద కమిషన్. పిలగాని వయసు మాత్రం పొడిగించరు.

చర్చి గూడ జవాబు చెప్పాలె

ఇంతసేపు బయటోళ్లను అన్నం. ఇగ మన గుడిలకు పోదాం.

బాబాసాహెబ్ క్రైస్తవం మీద ఊకనే మాట్లాడలేదు. మతం మారినోని స్థితి మీద ప్రత్యేకంగ వ్యాసాలే రాసిండు. ఆయన పోయినంక, 1989లో, రచనలు-ప్రసంగాల సంపుటాలల్ల అవి అచ్చయినయి. ఆయన విమర్శ ఏందంటే, మారినోడు కులాన్ని లోపలికి మోసుకపోయిండు, లోపలోళ్లు దాన్ని దింపమని చెప్పలేదు, అన్యాయం మీద తిరగబడుడు నేర్పలేదు. ఈ విమర్శకు చర్చి ఇప్పటికీ పూర్తి జవాబు చెప్పలేదు.

డోర్నకల్ బిషప్ అజరయ్య 1912లో ఆంగ్లికన్ సంఘంల మొదటి భారతీయ బిషప్ అయిండు. కరీంనగర్ డయాసిస్ 1978లో ఏర్పడింది. కేరళ నుంచి వచ్చిన సీఎంఐ ఫాదర్లు 1962 నుంచి చాందా, ఆదిలాబాద్ దిక్కు పనిచేసిన్రు, 1999లో మంచిర్యాల కేంద్రంగ ఆదిలాబాద్ కతోలిక మేత్రాసనం ఏర్పడింది. ఇవన్నీ మన నేల మీద లేచినయి. మన చెమటతోటి, మన కానుకలతోటి లేచినయి. మరి లోపల మన చోటు ఎక్కడ? తెలుగు కతోలికులల్ల అత్యధికులు దళితులు. వాళ్లల్ల నుంచి ఒక ఆర్చిబిషప్ రావడానికి 2000 సంవత్సరం దాకా పట్టింది, మరంపూడి జోజిగారు. ఒక కార్డినల్ రావడానికి 2022 దాకా పట్టింది, పూల ఆంథోనీగారు. సంతోషమే. కాని ఇన్నేండ్లు ఎందుకు పట్టింది అని అడుగుడు గూడ విశ్వాసమే.

ప్రొటెస్టెంట్లల్ల మనకు మనమే చాలు! ఇది మాల చర్చి, అది మాదిగ చర్చి. డయాసిస్ ఎన్నికలు వస్తే వాక్యం పక్కకు పోతది, కులం ముందలికి వస్తది. పెండ్లి సంబంధం అడిగేటప్పుడు బాప్తిస్మం అయిందా అనేది రెండో ప్రశ్న, మీరేమిట్లు అనేది మొదటి ప్రశ్న. బల్ల కాడ ఒకే రొట్టె విరిచి, వియ్యం కాడ చెయ్యి ఎనకకు తీసుకుంటే దాన్ని ఏమనాలె?

జాషువా గుర్తున్నడు గదా. 1895లో వినుకొండల పుట్టిండు. అంటరానోడని అగ్రకులాలు ఈసడించినయి. క్రైస్తవుడివై ఉండి హిందూ కథలు పద్యాలు చేస్తవా అని చర్చి పెద్దలు దూరం పెట్టిన్రు. రెండు దిక్కుల తలుపులు మూసిన్రు. ఆయన గుడిలకు మనిషికి లేని ప్రవేశం గబ్బిలానికి ఉన్నదని చూసి, 1941లో దానితోటే దేవునికి కబురు పంపిండు. ఇయ్యాల ఎవరూ ఆయనను వదులుకోరు. తెలుగు బడి పుస్తకం ఆయన లేకుండ ఉండదు. వెలేసిన పెద్దల పేర్లు ఎవరికి యాదికున్నయి?

సంఘం గూడ జవాబు చెప్పాలె

అంబేద్కర్ వాదులం మనం. మనం గూడ తక్కువ తినలేదు. చర్చికి పోయేటోడు ఉద్యమానికి పనికిరాడు, వాడు పరలోకం చూసుకుంటడు అంటం. రిజర్వేషన్ వాటా అడిగితే మా బువ్వల చెయ్యి పెడుతున్నవు అంటం. ఇట్లనే కదా, ఒకప్పుడు వాటా అడిగిన వాళ్లను గూడ అన్నది?

ఒకటి యాదికుంచుకోండి. బాబాసాహెబ్ హిందువుగ చావనని 1935లో యేవలల ప్రకటించి, ఇరవై ఒక్క ఏండ్లు అన్ని మతాలను వెదికి, తనకు నచ్చింది తీసుకున్నడు. ఆయన నేర్పిన మొదటి పాఠం ఏ మతం తీసుకోవాలె అన్నది కాదు, నా మతం నేను ఎంచుకుంట అన్నది. బౌద్ధానికి పోయినోని ఎంపికను గౌరవించి, క్రీస్తు దగ్గరికి పోయినోని ఎంపికను ఎక్కిరించుడు అంబేద్కర్ వాదం కాదు.

ఇంకొకరు ఉన్నరు, ఇంటికి రమ్మని పిలుస్తున్నరు. ఘర్ వాపసీ అంటున్నరు. ఏ ఇంటికి? ఆ ఇంట్ల మనకు ఏ అర్ర ఇస్తరు? ఆడ కూసుండే జాగ చూపెట్టినంక పిలువుమనండి.

ఒప్పుకునే అధికారం ఎవరిది?

ఇగ అసలు మాటకు వస్త. 1976లో గుంటూరు మెడికల్ కాలేజీ సీటు కేసు సుప్రీంకోర్టుకు పోయింది. ఆ పిలగాని తల్లిదండ్రులు మాదిగ కులం నుంచి క్రైస్తవంలకు పోయినోళ్లు. ఆయన హిందువుగ మారిండు. కోర్టు ఏమన్నదంటే, తిరిగి హిందువైతే, ఆ కులపోళ్లు తమల కలుపుకుంటే, కులం తిరిగి వస్తది. 2015లో కేరళ నుంచి పోయిన ఒక కేసుల గూడ అదే చెప్పింది. మతం తిరిగి రావాలె, కులపోళ్లు ఒప్పుకోవాలె.

మతం తిరిగి రావాలె అన్న షరతు మూడో పేరాది. దాని మీద మన కొట్లాట ఆగదు. కాని రెండో మాట చూడండి. కులపోళ్లు ఒప్పుకోవాలె! మనిషి ఎవరి మనిషి అని తేల్చేది ఆఖరుకు ఎవరంటే, పక్కింటోడు. దేశంల పెద్ద కోర్టు గూడ మన వాడ నోటి దిక్కు చూస్తున్నది. మన తాతలకు ఇది తెలుసు. తప్పు కట్టించి, పంక్తిల కూసోబెట్టి కులంల కలుపుకునుడు మనకు కొత్తదా? ఆ అధికారం మన చేతిల ఉన్నది. దాన్ని ఇన్నాళ్లు వెలెయ్యడానికే వాడినం. కలుపుకోవడానికి ఎందుకు వాడం?

మనం ఒప్పుకుంటే రేపే సర్టిఫికెట్ రాదు. అబద్ధం చెప్ప. కాని సర్టిఫికెట్ లేనోడు ఒంటరోడు కావల్సిన పని లేదు. తహసీల్దారు కాగితం మీద నువ్వు మా మనిషివి కావు అంటే, వాడ నిలబడి వీడు మా మనిషే అనాలె.

యోహాను సువార్తల ఒక పుట్టు గుడ్డోని కథ ఉన్నది. చూపు వచ్చింది. సంతోషపడవలసిన పెద్దలు పంచాయతీ పెట్టిన్రు. తల్లిదండ్రులను పిలిచి అడిగిన్రు. వాళ్లకు వెలేస్తరని భయం. వానికి వయసు వచ్చింది, వాన్నే అడగండి అని తప్పించుకున్నరు. వాడు మాత్రం మాట మార్చలేదు. వాన్ని వెలేసిన్రు. వెలేసిన్రని విని యేసు వాన్ని వెదుక్కుంటూ పోయిండు. పాస్టర్లకు నేను చెప్పేది ఇదే. వెలివేతకు గురైనోని దగ్గరికి పోయేటోడే క్రీస్తు దారిల ఉన్నట్టు. సంఘం నాయకులకు చెప్పేదీ ఇదే. భయంతోటి బిడ్డను వదిలేసిన ఆ తల్లిదండ్రుల లెక్క మనం కావద్దు.

చెయ్యవలసిన పనులు

ఉపన్యాసం విని చప్పట్లు కొట్టి పోతే లాభం లేదు. ఊరికి పోయినంక ఈ పనులు మొదలు పెట్టండి.

ఒకటి. పెండ్లికి, చావుకు వాడంతా రావాలె. ప్రసాదం తినుమని బలవంతం వద్దు, ప్రార్థన చెయ్యుమని బలవంతం వద్దు. పాడెకు భుజం పెట్టుటానికి మతం అడ్డం రావద్దు.

రెండు. బొందలగడ్డ. ప్రతి ఊర్ల వాడ బొందలగడ్డ ఎంతున్నది, ఎవరు ఆక్రమించిన్రు, సర్వే చేయించండి. దరఖాస్తు ఒకటే ఉండాలె. అందుల పోచమ్మకు మొక్కేటోని సంతకం, బుద్ధునికి మొక్కేటోని సంతకం, చర్చికి పోయేటోని సంతకం పక్కపక్కన ఉండాలె.

మూడు. దాడి జరిగితే సంఘం ముందల పోవాలె, రిజిస్టర్ తర్వాత చూసుకోవాలె. అట్రాసిటీ చట్టం కింద కేసు తీసుకోకపోతే మామూలు క్రిమినల్ చట్టం కిందనన్నా కేసు కట్టించేదాక స్టేషన్ ముందల కూసోవాలె. బాధితుడు చర్చి మనిషి అని ఒక్కరు గూడ ఎనకకు పోవద్దు.

నాలుగు. చర్చిలల్ల ఆగస్టు 10 పాటించాలె. మూడో పేరా ఏందో పిల్లలకు చెప్పాలె. ఏప్రిల్ 14 నాడు చర్చి తలుపులు తెరిచి ఉంచాలె. మాల, మాదిగ వియ్యాలకు పాస్టర్లు ముందల నిలబడాలె.

అయిదు. యువకులు బీసీ-సి అంటే ఏందో, మైనారిటీ స్కాలర్‌షిప్ అంటే ఏందో తెలుసుకోవాలె. తెలియని హక్కు లేనట్టే. తెలిసిన అన్యాయం మీదనే దరఖాస్తు పడుతది.

ఆరు. ఇంట్ల ఒక్కామె ప్రార్థనకు పోతే ఆమె బొట్టు గురించి పంచాయతీ బందు పెట్టాలె. అత్తా బందు పెట్టాలె, పాస్టరూ బందు పెట్టాలె. ఆమె నొసలు ఆమెది.

సింగరేణి బాయిలకు దిగిన మన అన్నలను అడగండి. కింద పైకప్పు కూలేటట్టు చప్పుడైతే పక్కోని చెయ్యి పట్టుకొని గుంజుతరు. ఆ చెయ్యి యోహానుదా, రాజయ్యదా చూడరు. పైన గూడ కప్పు కూలుతనే ఉన్నది, తమ్ముళ్లారా. పక్కోని చెయ్యి పట్టుకోండి.

మూడో పేరా రద్దయ్యేదాక కొట్లాడుదాం!
వాడల వెలివేత బందు పెడుదాం!
జై భీమ్!